మెరుపు ట్రిగ్గర్: పగటికి పనికొస్తది, రాత్రికి దండగ

ఏప్రిల్ వచ్చిందంటే ఓరుగల్లు ఫొటోగ్రాఫర్లకు రెండే పనులు: పెళ్లిళ్లు తీయడం, మొగులు చూడడం. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ, నాలుగింటికల్లా పడమటి దిక్కున నల్లటి మబ్బు, చీకటి పడేలోపు గాలిదుమారం, ఆ వెనకే ఉరుములు, ఒక్కోసారి రాళ్లవాన. ఏటా ఈ రోజుల్లోనే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. మెరుపును చూసి తనంతట తానే కెమెరాను క్లిక్‌మనిపించే, కెమెరా నెత్తిన పెట్టుకునే ఆ మెరుపు ట్రిగ్గర్ కొనాలా, వద్దా?

జవాబు ముందే చెప్పేస్తాం. పట్టపగలు, లేదా పొద్దుగూకే వేళ మసక వెలుతురులో మెరుపులు తీయాలనుకుంటే కొనండి. చీకటి పడ్డాక మాత్రమే తీసేవాళ్లకు వెయ్యి రూపాయల లోపు దొరికే మామూలు కేబుల్ రిలీజ్, అంటే కెమెరాను ముట్టకుండా క్లిక్ చేసే తీగ బటన్, అంతకంటే మంచి ఫొటో ఇస్తుంది. చాలామంది రాత్రి మెరుపుల కోసమే ట్రిగ్గర్ కొంటారు, ఆనక అల్మారాలో పడేస్తారు. తప్పు వస్తువుది కాదు, అది ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పకపోవడంది.

మియాప్స్, ప్లూటో వంటి పేర్లతో వచ్చేవన్నీ పనితీరులో ఒక జాతివే. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. కింద ఫ్లాష్ పెట్టే హాట్‌షూలో కూర్చునే కాలు, ముందు వైపు వెలుతురును పసిగట్టే సెన్సర్ కిటికీ, పక్కన కెమెరా రిమోట్ పోర్టుకు వెళ్లే కేబుల్, లోపల యూఎస్‌బీతో చార్జ్ అయ్యే బ్యాటరీ. కొన్నింటికి సొంత తెర ఉంటుంది, కొన్ని ఫోన్ యాప్ లేకుంటే కదలవు. వానలో తడి చేతులతో ఫోన్ తెర నొక్కడం ఎంత నరకమో తెలిసినవాళ్లు సొంత తెర, సొంత బటన్లు ఉన్నదే తీసుకుంటారు. ధర పదివేలు దాటుతుంది. మెరుపుతో పాటు శబ్దానికి, లేజర్ గీత తెగినప్పుడు క్లిక్‌మనే మోడ్‌లు కూడా ఇస్తారు గానీ మెరుపుల కోసం కొనేవాళ్లు వాటికి విలువ కట్టనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ట్రిగ్గర్ మెరుపును ముందుగా ఊహించదు. మెరిశాక, వెలుతురు ఒక్కసారిగా పెరగడం చూసి కెమెరాకు ‘నొక్కు’ అని చెబుతుంది. ట్రిగ్గర్ తీసుకునే సమయం లెక్కలోకి రానంత తక్కువే. ఆలస్యమంతా కెమెరాది. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం పైకి లేవాలి, షట్టర్ తెరుచుకోవాలి. మంచి కెమెరా బాడీలో ఇది సెకనులో ఇరవయ్యో వంతు, చవక బాడీల్లో ఇంకా ఎక్కువ. అంతసేపు మెరుపు ఆగుతుందా?

కొన్ని ఆగుతాయి. కంటికి ఒక్క మెరుపులా కనిపించేది తరచుగా మూడు నాలుగు దెబ్బలు. మేఘం నుంచి మొదటి దారి మెట్లు మెట్లుగా దిగుతుంది, నేలను తాకగానే ధగ్గుమంటుంది. సెకనులో ఇరవయ్యో వంతు, పాతికో వంతు విరామం తర్వాత అదే దారిలో మళ్లీ ఒకటి, మళ్లీ ఇంకొకటి. మెరుపు వణికినట్టు కనిపించేది అందుకే. ట్రిగ్గర్ పట్టేది ఈ రెండో దెబ్బనో మూడోదాన్నో. ఒకే దెబ్బతో ముగిసే మెరుపును పట్టలేదు. అయితే కొన్నిసార్లు నేలకు దిగేముందు మేఘం లోపలే మిణుకుమిణుకుమంటుంది కదా, ఆ వెలుగుకే ట్రిగ్గర్ లేస్తే మొదటి దెబ్బ కూడా చిక్కుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. గది చీకటి చేసి, ట్రిగ్గర్ పెట్టిన కెమెరాను గోడకేసి తిప్పి, చేతిలో వేరే ఫ్లాష్ పట్టుకుని గోడ మీదికి ఒక్కసారి వెలిగించండి. కెమెరా క్లిక్‌మంటుంది, ఫొటో మాత్రం నల్లగా వస్తుంది. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతుకే అయిపోయింది, షట్టర్ తెరుచుకునేసరికి గదిలో ఏమీ లేదు. ఒంటి దెబ్బ మెరుపుకు జరిగేదీ అచ్చం ఇదే. కొన్న రోజే ఈ పరీక్ష చేసుకుంటే ట్రిగ్గర్, కేబుల్, కెమెరా ముగ్గురూ మాట్లాడుకుంటున్నారో లేదో కూడా తేలిపోతుంది. దగ్గర నుంచి టీవీ రిమోట్ నొక్కినా సెన్సర్ లేవాలి, ఎందుకంటే అది ఎక్కువగా చూసేది కంటికి కనబడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతినే.

పెట్టె మీద రాయని ఇంకో మాట. మెరుపుకు అందం తెచ్చేవి కొమ్మలు, చింతచెట్టు మోడులా చీలి నాలుగు దిక్కులకూ పాకే సన్నటి తీగలు. అవి మొదటి దెబ్బతోనే వెలుగుతాయి. తర్వాతి దెబ్బలు తెరుచుకున్న దారిలోనే సూటిగా దిగిపోతాయి, కొమ్మల జోలికి పోవు. అందుకే ట్రిగ్గర్‌తో తీసిన ఫొటోల్లో చాలావాటిలో ఒంటి తీగ మాత్రమే, కొమ్మల్లేని బోడి మెరుపు కనిపిస్తుంది. ముందే తెరిచి పెట్టిన షట్టర్‌లో మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా అన్నీ పడతాయి. రాత్రికి ట్రిగ్గర్ దండగ అనడానికి మూలం ఇదే.

పగలు మాత్రం షట్టర్‌ను పదిహేను సెకన్లు తెరిచిపెట్టలేం, ఫొటో తెల్లగా మాడిపోతుంది. అక్కడ ట్రిగ్గర్ అక్కరకొస్తుంది. పొద్దుగూకే వేళకు మేం చెప్పే మొదటి లెక్క: ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ సెకనులో నాలుగో వంతు. నల్లటి మబ్బు కింద సాయంత్రం అయిదింటి వెలుతురుకు ఎఫ్16, అదే షట్టర్. ఇంకా వెలుతురు ఎక్కువగా ఉంటే లెన్స్‌కు ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుతురు తగ్గించే నల్లటి అద్దం, బిగించమని అందరూ చెబుతారు. బిగించవచ్చు, కానీ అందులో ఒక మెలిక ఉంది. మెరుపు కాంతి క్షణికం కాబట్టి షట్టర్ ఎంతసేపు తెరిచినా తీగ ప్రకాశం పెరగదు, వెనకున్న ఆకాశం మాత్రం పెరుగుతూ పోతుంది. ఫిల్టర్ పెట్టి షట్టర్ సాగదీసిన కొద్దీ ఆకాశం ముందు మెరుపు వెలవెలబోతుంది. మరీ కుదించి సెకనులో పదో వంతు కంటే తగ్గిస్తే తర్వాతి దెబ్బలు తప్పిపోతాయి. నాలుగో వంతు నుంచి ఎనిమిదో వంతు మధ్యే మంచి చోటు. ఆ లెక్కకు రానంత వెలుతురు ఉంటే ఆ దిక్కు వదిలేసి, వెనక నల్లటి మబ్బు ఉన్న దిక్కుకు తిరగండి.

మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా ఉన్నవాళ్లు మెనూలో రెండు చోట్ల చెయ్యి పెట్టాలి. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ షట్టర్ ఆన్ చేయండి. లేకుంటే క్లిక్‌మన్నప్పుడు షట్టర్ ముందు మూసుకుని మళ్లీ తెరుచుకోవాలి, ఆలస్యం పెరుగుతుంది. సైలెంట్ మోడ్, అంటే పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం ఆపేయండి. మామూలు సెన్సర్ పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది కాబట్టి మెరుపు తళుక్కున మెరిసినప్పుడు ఫొటోలో కొన్ని వరసలే వెలిగి, అడ్డంగా పట్టీ కట్టినట్టు వస్తుంది. అలా వచ్చినప్పుడు ట్రిగ్గర్ పాడైందని తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు.

మరో మాట, కొత్త బాడీ కొనబోతున్నవాళ్లకు. కెనాన్ ఆర్7లో రా బరస్ట్ మోడ్ బటన్ నొక్కడానికి అర సెకను ముందటి ఫ్రేములనూ దాస్తుంది. ఒలింపస్, ఓఎం కెమెరాల్లో ప్రో క్యాప్చర్ కూడా అలాంటిదే. మెరిశాక నొక్కినా మొదటి దెబ్బ, దాని కొమ్మలు కార్డులో ఉంటాయి. పట్టీ సమస్య ఇక్కడా తప్పదు, అయినా పగటి మెరుపుకు ఇది ట్రిగ్గర్ కంటే మెరుగైన ఉపాయం. ఇలాంటి బాడీ చేతిలో ఉంటే ట్రిగ్గర్ మీద పైసా పెట్టకండి.

ట్రిగ్గర్ మొరాయించే సందర్భాల్లో ఎక్కువ వాటికి కారణం నిద్ర. రెండు మూడు నిమిషాలు మెరుపు రాకపోతే కెమెరా పడుకుంటుంది. ఆ తర్వాత మెరిస్తే ట్రిగ్గర్ పిలుపుకు కెమెరా లేచేలోపే కథ కంచికి. ఆటో పవర్ ఆఫ్ తీసేయాలి. ట్రిగ్గర్‌లో బటన్‌ను సగం నొక్కి పట్టే ఏర్పాటు ఉంటే అదీ పెట్టాలి. దాంతో కెమెరా బ్యాటరీ తొందరగా అయిపోతుంది, కాబట్టి రెండోది జేబులో ఉండాల్సిందే. ఫోకస్ మాన్యువల్‌లో ఉండాలి. దూరంగా ఉన్న దీపం మీద లైవ్ వ్యూ పెద్దది చేసి ఫోకస్ కుదిర్చి, రింగు కదలకుండా ఒక చిన్న టేపు ముక్క అంటించండి. ఆటోలో వదిలేస్తే కెమెరా చీకటి మబ్బులో వెతుక్కుంటూ కూర్చుంటుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా తీసేయాలి. పదిహేను సెకన్ల ఫొటో తీశాక మరో పదిహేను సెకన్లు కెమెరా కళ్లు మూసుకునేది దాని వల్లే, మంచి మెరుపు సరిగ్గా అప్పుడే వస్తుంది.

రెండో తలనొప్పి ఉత్తుత్తి క్లిక్కులు. సెన్సర్‌కు మెరుపు, బండి హెడ్‌లైటు, మినుకుమినుకుమనే ఎల్ఈడీ బోర్డు అన్నీ ఒకటే. సెన్సిటివిటీని మొదట నడిమికి పెట్టి, ఉత్తినే క్లిక్‌మనడం ఆగేదాకా తగ్గించుకుంటూ రావాలి. సెన్సర్ కిటికీ చుట్టూ నల్లటి ఇన్సులేషన్ టేపుతో వేలెడు పొడవు గొట్టంలా కడితే పక్క నుంచి వచ్చే వీధి దీపం వెలుగు పడదు. హన్మకొండ చౌరస్తా వైపు తిప్పితే ఏ గొట్టమూ కాపాడదు. ఇక వేసవి మెరుపులు, పెళ్లి బరాత్‌లు ఒకే సీజన్ కావడం మన ఖర్మ. వీధి చివర డీజే బండి లైట్లు తిరగడం మొదలైతే ట్రిగ్గర్ ఆపేసి లోపలికి వెళ్లడమే మంచిది.

ఇంటి కిటికీ అద్దం వెనక నుంచి తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. మామూలు అద్దం గుండా పరారుణ కాంతి బాగానే వస్తుంది. ఎండ వేడికి తట్టుకోలేక అతికించుకున్న సన్ కంట్రోల్ ఫిల్మ్ మాత్రం సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. కొన్ని కార్ల ముందు అద్దాలూ అంతే. బయట మెరుస్తున్నా ట్రిగ్గర్ గమ్మున కూర్చుంటే ముందు ఫిల్మ్ సంగతి చూడండి.

కేబుల్ విషయంలో పొరపాటు చాలా మామూలు. కెనాన్‌లో చిన్న బాడీలకు 2.5 మిల్లీమీటర్ల పిన్ను, పెద్ద బాడీలకు మూడు కాళ్ల ఎన్3 ప్లగ్గు. నికాన్‌లో డీసీ2 ఒకటి, పది పిన్నులది ఇంకొకటి. సోనీకి మల్టీ టెర్మినల్. నికాన్ డీ3400, డీ3500లలో కేబుల్ పెట్టే రంధ్రమే లేదు, కాబట్టి ఆర్డర్ పెట్టేముందు కెమెరా పక్కనున్న రబ్బరు మూత తీసి చూడండి. వదులైన కేబుల్ గాలికి కదిలితే వాటంతటవే క్లిక్కులు పడతాయి. ట్రైపాడ్ కాలుకు రబ్బరు బ్యాండుతో కట్టేయాలి.

ఇప్పుడు రాత్రి సంగతి. డ్రైవ్ కంటిన్యువస్‌లో పెట్టి, కేబుల్ రిలీజ్ బటన్ నొక్కి లాక్ చేస్తే కెమెరా ఒకదాని వెనక ఒకటి తీస్తూనే ఉంటుంది, మధ్య ఖాళీ రెప్పపాటే. మెరుపు పది కిలోమీటర్ల దూరంలో ఉంటే ఐఎస్ఓ 100, ఎఫ్8 చాలు. ఇరవై కిలోమీటర్లకు పోతే ఎఫ్5.6, ఐఎస్ఓ 200. బాగా దగ్గరకొస్తే ఎఫ్11, అప్పటికి మీరు లోపలికి వెళ్లిపోయి ఉండాలి కూడా. షట్టర్‌ను ఊరి దీపాలు నిర్ణయిస్తాయి. ఊళ్లో ఎనిమిది, పది సెకన్లు. ఊరి బయట ధర్మసాగర్ వంటి చోట ఇరవై, ముప్పై. గాలిదుమారానికి కరెంటు పోయిందనుకోండి, ఫొటోకు అది వరమే, ఊరు చీకటై ముప్పై సెకన్లు తెరవవచ్చు. కరెంటు తిరిగొచ్చిన ఫ్రేము మాత్రం మాడిపోతుంది. పదిహేను సెకన్ల చొప్పున గంటకు 240 ఫొటోలు, ఒక్కో రా ఫైలు (కుదించని అసలు ఫొటో) 25 ఎంబీ అనుకుంటే 6 జీబీ. 32 జీబీ కార్డు ఏ గాలివానకైనా సరిపోతుంది. ఫొటో రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటో వద్దు, 4000 కెల్విన్ దగ్గర కట్టేయండి. లేకుంటే ఒక ఫొటోలో ఆకాశం నీలం, మరోదానిలో ఊదా. మంచి మెరుపులు పడిన ఫ్రేములను తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని లైటెన్ మోడ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. ఒలింపస్ వాళ్లకు ఆ శ్రమ కూడా లేదు, లైవ్ కాంపోజిట్ కెమెరాలోనే ఆ పని చేసిపెడుతుంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ పోయి సముద్రం మీది మెరుపులు తీయాలనే కోరిక ఇక్కడ చాలామందికి ఉంది. మన దగ్గర గుట్టలు, బిల్డింగులు మెరుపు కాళ్లను దాచేస్తాయి. అక్కడ అడ్డమేమీ లేదు, నీళ్లలో ప్రతిబింబం అదనం. బీచ్ రోడ్డులో అయిదో అంతస్తు గదిలో, అంటే దాదాపు పదిహేను మీటర్ల ఎత్తులో నిలబడితే దిగంతం 14 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంతకంటే దూరంగా పడే పిడుగు నీటిని తాకే చోటు కనబడదు. ఫ్రేములో కుడి పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంటే దూరం తెలుస్తుంది. పోర్టు బయట లంగరు వేసిన ఓడలు అలల మీద ఊగుతుంటాయి కాబట్టి పదిహేను సెకన్లలో వాటి దీపాలు పురుగుల్లా పాకినట్టు వస్తాయి. అయిదారు సెకన్లకు తగ్గించి ఐఎస్ఓ కదపకుండా ఉంచండి, మెరుపు తీగ మారదు, నీళ్లే కాస్త నల్లబడతాయి. గాల్లోని ఉప్పు తుంపర లెన్స్ మీద పొరలా పేరుకుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, మంచినీళ్లతో తడిపిన మైక్రోఫైబర్ వాడాలి. ట్రిగ్గర్ కేబుల్ పిన్నుకూ ఆ ఉప్పే శత్రువు, గదికి రాగానే తుడిచేయాలి. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బాల్కనీలోకి తెస్తే లెన్స్ మంచు పట్టినట్టు మసకబారుతుంది. అరగంట ముందే సంచిలో ఉంచి బయట పెట్టండి. తీరంలోనూ ట్రిగ్గర్ తీర్పు మారదు. సూర్యుడు కొండల వెనక్కి దిగిన అరగంటలో అది పనికొస్తుంది, ఆ తర్వాత కేబుల్.

ట్రిగ్గర్ కంటే ముందు ఫోన్‌లో ఉండాల్సింది దామిని యాప్. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ తయారు చేసిన ఈ యాప్‌కు డబ్బులు కట్టాల్సిన పనిలేదు. గడిచిన కొద్ది నిమిషాల్లో పిడుగులు ఎక్కడ పడ్డాయో మ్యాప్ మీద రంగుల చుక్కలుగా చూపిస్తుంది, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల లెక్కన హెచ్చరిస్తుంది. దాన్ని వాన మబ్బుల కదలికను చూపే హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మతో కలిపి చూడాలి. వేసవి గాలివాన తరచుగా పడమర, వాయవ్యం నుంచి వస్తుంది. చుక్కలు పడమట హుస్నాబాద్ దగ్గర కనబడితే, గంటకు 30, 40 కిలోమీటర్ల చొప్పున కదులుతుందనుకుంటే, హన్మకొండలో ట్రైపాడ్ వేసుకోవడానికి గంట సమయం ఉన్నట్టు. జూలై, ఆగస్టు ముసురులో మెరుపులకు ఎదురుచూడడం వృథా. వానతెర అన్నీ కప్పేస్తుంది. మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరులో, బతుకమ్మ రోజుల్లో ఆకాశం కరుణిస్తుంది.

ఎక్కడ నిలబడాలి అన్నది ట్రిగ్గర్ మాన్యువల్‌లో ఉండదు, కాబట్టి ఇక్కడే. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట, కోటలోని ఏకశిల గుట్ట, భద్రకాళి చెరువు కట్ట ఫొటోల్లో బాగుంటాయి, మెరుపుల వేళ మీరు నిలబడడానికి మాత్రం అంతకంటే చెడ్డ చోట్లు లేవు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా మీరు, మీ పక్కన ఇనుప ట్రైపాడ్. కార్బన్ ఫైబర్‌దైనా తేడా లేదు, అదీ కరెంటును పారనిస్తుంది. ఆ గుట్టలు ఫ్రేములో ఉండాలి, మీరు కాంక్రీటు ఇంట్లో పై అంతస్తు కిటికీ లోపల ఉండాలి. లేదంటే అద్దాలన్నీ ఎత్తిన కారులో, డ్యాష్‌బోర్డు మీద ఇసుక సంచి వేసి దాని మీద కెమెరా. ఓపెన్ టాప్ జీపు, ఆటో పనికిరావు. కోట కీర్తితోరణాల దగ్గర ట్రైపాడ్ వేయాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్ల లోపు వినబడితే బయట ఉండకూడదు. చివరి ఉరుము విన్నాక ఇంకో అరగంట ఆగాలి. కేబుల్ లాక్ చేసి కెమెరాను బాల్కనీలో వదిలేసి మనిషి లోపల ఉండవచ్చు, ట్రిగ్గర్ పెట్టినా అంతే. ఈ ఒక్క విషయంలో రెండూ సమానమే.

కొనేవాళ్లు ఇవి చూసుకుని కొనండి: సొంత తెర, సెన్సిటివిటీని అంకెల్లో చిన్నచిన్న మెట్లుగా మార్చే వీలు, విడిగా దొరికే కేబుల్. కేబుల్ ట్రిగ్గర్‌తో కలిసి అతికి ఉన్నది వద్దు, ముందు తెగేది అదే. వానకు తట్టుకుంటుందని పెట్టె మీద రాసినా సెన్సర్ కిటికీ వదిలి మిగతా డబ్బాకు పారదర్శక కవరు కట్టి లోపల సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. వాపసు గడువు దాటకముందే చీకటి గది పరీక్ష చేయండి, ఆ సాయంత్రం ఆకాశంలో మెరుపు ఉన్నా లేకున్నా.